చమురు నిలువలు : కట్ట దాటక ముందే

చెరువు క్రింద సేద్యము చేయువారికి ఒక సంగతి బాగుగా తెలియును. కట్టను చూడవలసినది చెరువు నిండిన దినమున కాదు. చెరువులో చుక్క నీరు లేని ఎండకాలమునందే నీరటికాడు పార భుజముపై వేసికొని కట్ట పొడవునను నడచును. ఎలుకలు ఎచ్చట బొరియలు చేసినవి, తుమ్మ వేరు ఎచ్చట మట్టిని చీల్చినది, తూము చుట్టునున్న రాతికట్టు సడలినదా, అలుగు పారు దారిని ఎవరైన పూడ్చినారా, ఇవి యన్నియు చూచుకొనును. గండి పడిన తరువాత ఊరంతయు కదలివచ్చి ఎన్ని తట్టల మట్టి పోసినను ఆ యేటి పంట చేతికి రాదు.

ఈ దినమున మేము ముచ్చటింపబోవునది నీటి చెరువులను గూర్చి కాదు, చమురు చెరువులను గూర్చి. పెట్రోలు, డీజిలు, కిరసనాయిలు, విమానముల ఇంధనము మొదలగునవి పెద్ద పెద్ద ఉక్కు ట్యాంకులలో నిలువ చేయబడుచున్నవి. విశాఖపట్నమున 1957 నుండి చమురు శుద్ధి కర్మాగారము ఉన్నది. అచ్చటి గుండ్రని ట్యాంకులు ఇట్టివే. మనమెక్కు బస్సు, ధాన్యము మోయు లారీ, దుక్కి దున్ను ట్రాక్టరు, విద్యుత్తు పోయినప్పుడు ఆసుపత్రిలో దీపము నిలుపు జనరేటరు, అన్నియు ఈ నిలువల మీదనే బ్రతుకుచున్నవి. ఇట్టి నిలువ ఒలికినచో ఏమగును? ఒలుకకుండ ఏమి చేయవలెను? ఒలికినను హద్దు దాటకుండ ఎట్లు నిలుపవలెను? ఈ మూడు ప్రశ్నలకును అమెరికాలో జరిగిన ఒక సంఘటన చక్కని సమాధానము చెప్పును. దానిని కొంచెము వివరముగా మనవి చేసెదము.

పెన్సిల్వేనియా రాష్ట్రములో పిట్స్‌బర్గు అను పెద్ద నగరము కలదు. దానికి ఎగువన మొనాంగహీల నది ఒడ్డున ఫ్లోరెఫ్ అను చిన్న ఊరు. అక్కడ ఆష్‌లాండ్ ఆయిల్ కంపెనీవారి చమురు నిలువ కేంద్రము ఉండెడిది. అందులోని ఒక ట్యాంకు 120 అడుగుల వ్యాసము, 48 అడుగుల ఎత్తు కలది. అనగా నాలుగంతస్తుల మేడ అంత ఎత్తు. దాని రేకులు క్రొత్తవి కావు. నలువది యేండ్లు పైబడిన పాత ట్యాంకును ఒహాయో రాష్ట్రములో విప్పి, ఇచ్చటికి తెచ్చి, మరల అతికి నిలిపిరి. 1988 జనవరి 2వ తేదీ సాయంకాలము, ఇచ్చట నిలిపిన తరువాత మొదటిసారిగా దానిని నిండుగా నింపుచుండగా, ట్యాంకు క్రిందినుండి పైదాక ఒక్కసారిగా చీలిపోయినది. సుమారు 38 లక్షల గాలన్ల డీజిలు, మన లెక్కలో కోటి నలువది నాలుగు లక్షల లీటర్లు, కొలది క్షణములలో బయటపడినది.

శ్రోతలు అడుగవచ్చును: చుట్టును గట్టు లేదా? ఉన్నది. ట్యాంకు పగిలినచో చమురు నిలుచుటకని మట్టికట్టలు కట్టియే యుండిరి. చమురు కేంద్రములు ముందుజాగ్రత్త ప్రణాళిక వ్రాసి ఉంచవలెనను నియమము కూడ ఆ దేశములో 1973 నాటికే ఏర్పడినది. గట్టు ఉండియు, నియమము ఉండియు, ఏడు లక్షల గాలన్లకు పైగా డీజిలు నదిలో కలిసినది. ఇది ఎట్లు జరిగినదో తెలిసికొనుటయే మన పాఠము.

మొదటి సంగతి ఉక్కు. పాత రేకులో, అతుకు దగ్గర, ఒక చిన్న లోపము ఉండెనని పరిశోధకులు తరువాత కనుగొనిరి. ఉక్కులో కొన్ని రకములకు ఒక స్వభావము కలదు. వెచ్చగా ఉన్నప్పుడు బరువు పడినచో కొంచెము సాగి ఓర్చుకొనును. చలిలో పెళుసెక్కి, కుండ పెంకువలె పుటుక్కున విరుగును. అది జనవరి మాసము, గడ్డకట్టు చలి. చిన్న లోపమువద్ద మొదలైన చీలిక ఆగలేదు.

అయితే ఆ లోపమును ముందు కనుగొనుటకు ఉపాయము లేకపోలేదు. క్రొత్తగా నిలిపిన ట్యాంకును మొదట నీటితో నిండుగా నింపి కొన్ని దినములు ఉంచి చూచుట ఆ పరిశ్రమలో తెలిసిన పద్ధతి. చీలవలసియున్నచో నీటితోనే చీలును. నీరు నదిలో కలిసినను ఎవరికిని హాని లేదు. ఫ్లోరెఫ్‌లో అట్లు చేయలేదు. అయిదడుగుల మేరకు మాత్రమే నీరు పోసి చూచి, చాలుననుకొనిరి. నలువదియెనిమిది అడుగుల బరువు మోయవలసిన దానికి అయిదడుగుల పరీక్ష! క్రొత్త బండిని ఖాళీగా ఇంటి ముంగిట రెండు చుట్లు త్రిప్పి, ఇరుసు గట్టిదని ఒప్పుకొని, మరునాడు నూరు బస్తాలు ఎత్తించినట్లున్నది.

రెండవ సంగతి గట్టు. చమురు మెల్లగా కారినచో ఆ గట్టు దానిని నిలుపగలిగియుండును. కాని నాలుగంతస్తుల ఎత్తునుండి ఒక్కసారి కూలిన చమురు మెల్లగా కారలేదు. కెరటమై లేచి గట్టు మీదుగా దుమికినది. ఎంత చమురు పట్టునని లెక్క వేసి గట్టు కట్టితిమి గాని, ఎంత వేగముతో వచ్చునని లెక్క వేయలేదు. కడవెడు నీరు తొట్టిలో పట్టును. అదే కడవను ఎత్తునుండి ఒక్క ఊపున కుమ్మరించినచో సగము నీరు నేలపాలగును గదా!

మూడవ సంగతి మాకు అన్నిటికంటె ముఖ్యముగా తోచుచున్నది. గట్టు దాటిన చమురు నేరుగా నదిలోనికి పోలేదు. ప్రక్కవారి స్థలములో, కార్లు నిలుపు ఆవరణ మీదుగా ప్రవహించినది. అక్కడ వాననీరు పోవుటకు ఒక కాలువ ఉన్నది. దానికి మూత లేదు. ఆ కాలువ నేలలోపల పోయి నదిలో కలియును. చమురునకు ఆ దారి దొరికినది. ఆ రంధ్రమును గూర్చి చమురు కేంద్రమువారు తలపనే లేదు. అది తమ స్థలములోనిది కాదు గదా! కాని చమురు సరిహద్దు రాళ్లను చూచి ఆగునా? పల్లమెరుగునని మనము నీటిని గూర్చి చెప్పుదుము. చమురునకును అదియే త్రోవ.

ఇక నదిలో జరిగినది వినుడు. చమురు నీటిమీద తేలును గనుక, లోతునుండి నీరు తోడుకొను కేంద్రములకు భయము లేదని తోచవచ్చును. కాని ఆ నదికి అడ్డముగా ఆనకట్టలున్నవి. వాటి మీదుగా నీరు దూకునప్పుడు చమురు చిలుకబడి నది అడుగుదాక కలిసిపోయినది. మొనాంగహీల నుండి ఒహాయో నదిలో చేరి, పెన్సిల్వేనియా, వెస్ట్ వర్జీనియా, ఒహాయో, ఈ మూడు రాష్ట్రములలో సుమారు పది లక్షల మంది త్రాగు నీటికి ముప్పు తెచ్చినది. దిగువ ఊళ్లలోని నీటి కేంద్రములు పంపులు నిలుపుకొనవలసి వచ్చినది. నిండు నది కళ్లయెదుట పారుచుండగా కుళాయిలో నీరు లేని దినములు వచ్చినవి. పక్షులును చేపలును చచ్చినవి. నీటిపై తేలెడు అడ్డుకట్టలు వేసిరి, పీల్చు యంత్రములు గల లారీలు తెచ్చిరి, అహోరాత్రములు శ్రమించిరి. ఇంత చేసినను నదిలో కలిసిన చమురులో నూటికి ఇరువది పాళ్లు మాత్రమే తిరిగి చేజిక్కినది. ధనవంతమైన దేశము, కావలసినన్ని యంత్రములు, ఆరితేరిన మనుష్యులు. అయినను అయిదింట నాలుగు పాళ్లు నదిపాలే. ఒలికిన తరువాత ఎత్తుకొందమను ధైర్యము ఎంతవరకు పనికివచ్చునో ఈ ఒక్క లెక్కయే చెప్పుచున్నది.

ఆ మరు సంవత్సరము అలాస్కా తీరమున ఎక్సాన్ వాల్డెజ్ అను ఓడ చమురు కూడ సముద్రములో ఒలికినది. ఈ రెండు అనుభవముల ఫలితముగా 1990లో ఆ దేశమువారు క్రొత్త చట్టము చేసిరి. పెద్ద నిలువ కేంద్రములవారు సాధారణముగా జరుగు చిన్న ఒలుకులనే గాక, జరుగగల మిక్కిలి ఘోరమైన దానిని ఊహించి, దానికి తగిన ప్రణాళిక ముందే సిద్ధపరుపవలెనని నిర్ణయించిరి. జరుగదని నమ్ముకొనుట గాక, జరిగినచో ఏమి చేయుదుమని ప్రశ్నించుకొనుట ఈ మార్పునకు సారము.

ట్యాంకు పగులుట అరుదు. నిండి పొరలుట అంత అరుదు కాదు. ఇంగ్లండులో హెమెల్ హెంప్‌స్టెడ్ పట్టణము చెంత బన్స్‌ఫీల్డ్ అను చమురు కేంద్రములో 2005 డిసెంబరు 11వ తేదీ తెల్లవారుజామున జరిగినది అదియే. గొట్టము ద్వారా ఒక ట్యాంకులోనికి పెట్రోలు వచ్చుచుండెను. రాత్రి మూడు గంటల వేళకు మట్టము చూపు గేజీ ఒక అంకె వద్ద అంటుకొనిపోయినది. పెట్రోలు మాత్రము ఎక్కుచునే యున్నది. గేజీ చెడినచో పంపును ఆపుటకు వేరొక మీట అమర్చబడియే యున్నది. దాని పిడి సరియైన స్థానములో నిలుచుటకు ఒక చిన్న తాళము వేయవలెను. ఆ తాళము వేయవలెనను సంగతి అచ్చటివారికి తెలియలేదు, వేయలేదు, మీట పని చేయలేదు. రెండు లక్షల యేబది వేల లీటర్లకు పైగా పెట్రోలు పొరలి, ఆవిరి మేఘమై వ్యాపించి, ఆరు గంటలకు ప్రేలినది. ఇరువదికి పైగా ట్యాంకులు తగులబడినవి. ఆదివారము తెల్లవారుజాము గనుక ఎవరును మరణింపలేదు. నలువది ముగ్గురు గాయపడిరి. అదే పని దినమై, చుట్టుప్రక్కల కార్యాలయములలో జనము నిండియున్నచో ఏమగునో ఊహించుట కష్టము కాదు.

బన్స్‌ఫీల్డులో గట్టులు మట్టివి కావు, కాంక్రీటు గోడలు. అయినను గోడల అతుకులవద్దను, గొట్టములు గోడను దూరిపోవు చోట్లను చమురును, మంటలార్పిన నురుగు నీరును బయటికి కారి భూగర్భ జలమును చెరచినవి. మన నీరటికాడు తూము చుట్టును ఎందుకంత శ్రద్ధగా చూచునో ఇప్పుడు బోధపడినది గదా! కట్ట బలహీనపడునది కట్టలో కాదు; కట్టను మరియొకటి చీల్చుకొని పోవు చోట.

మన దేశపు స్థితికి వత్తము. పెట్రోలియమును గూర్చిన మన చట్టము 1934 నాటిది. చమురు పరిశ్రమలో భద్రతా ప్రమాణములు నిర్ణయించుటకు 1986లో ప్రత్యేకముగా ఒక కేంద్ర సంస్థ ఏర్పడినది. ట్యాంకుల సముదాయము చుట్టును కట్టు ఆవరణ, అందులోని అన్నిటికంటె పెద్ద ట్యాంకు పూర్తిగా ఒలికినను పట్టునట్లుండవలెనని ఆ ప్రమాణములు చెప్పుచున్నవి. సముద్రములో చమురు ఒలికినప్పుడు చేయవలసిన పనుల బాధ్యత తీరరక్షక దళమువారిది. విశాఖలో అత్యవసరమున కుపయోగించు ముడి చమురును కొండరాతిలో తొలిచిన గుహలలో దాచుచున్నారు. సుమారు 13 లక్షల టన్నులు పట్టు ఆ గుహల చుట్టును ఉన్న రాతి పగుళ్లలో ఎల్లప్పుడును నీరు ఒత్తిడితో నిండియుండునట్లు చేయుదురు. నీటి ఒత్తిడి లోపలికి నొక్కుచుండుటచే చమురు బయటికి ఊరలేదు. నీటినే కట్టగా చేసిన ఈ నేర్పు మెచ్చదగినది.

అయితే మనకు మరియొక చిక్కు కలదు. అది మన తుఫాను వాన. చమురు ఆవరణలో వాననీరు నిలుచును. నిలిచిన నీరు నిలిచినంత మేరకు చమురునకు చోటు తగ్గును. కనుక నీటిని వదలుటకు గోడకు ఒక కవాటము పెట్టుదురు. ఆ కవాటము ఎల్లప్పుడును మూసియుండవలెను. నీటిపై చమురు తెట్టు లేదని కన్నులార చూచిన పిమ్మటనే తెరువవలెను. వదలిన వెంటనే మూయవలెను. తెరచి మరచిన కవాటముగల గోడ గోడ కాదు. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుఫాను బాపట్ల చెంత తీరము దాటుటకు ముందు చెన్నైనగరమును ముంచెత్తినది. అప్పుడు మణలి పారిశ్రామిక ప్రాంతమునుండి చమురు వరదనీటితో కలిసి ఎన్నూరు కయ్యలోనికి చేరినది. జాలరుల పడవలు, వలలు నల్లని జిగటతో నిండినవి. అనేకులు తమ చేతులతోనే ఆ చమురును తోడి పీపాలకెత్తిరి. వేటకు పోయిన దినము కూలి, పోని దినము పస్తు. అట్టి కుటుంబములకు వారముల తరబడి కయ్య మూతపడుట అన్న మాటకు అర్థము వేరుగా చెప్పనక్కరలేదు. మన కాకినాడ, విశాఖ, మచిలీపట్నముల తీరమున బ్రతుకువారును ఈ వాననే ఎదుర్కొనువారు.

ఇక ప్రణాళిక అనగా ఏమి? బీరువాలో పెట్టి తాళము వేసిన కాగితముల కట్ట కాదు. మేము గ్రహించినంతవరకు అది అయిదు ప్రశ్నలకు సమాధానము. ఎచ్చట, ఎంత నిలువ యున్నది? ఆ ట్యాంకు ఆరోగ్యముగా ఉన్నదని ఎట్లు తెలిసినది, ఎప్పుడు పరీక్షించితిమి? నింపునప్పుడు ఎవరు దగ్గర నుండి చూచుచున్నారు, గేజీ అబద్ధమాడినచో రెండవ సాక్షి ఏది? ఒలికిన చమురు గట్టు దాటినచో ఏ దారిని ఏ నీటిని చేరును? ఆ దారిలో మొదటి మూత ఎవరు వేయుదురు, దిగువనున్న నీటి కేంద్రమునకు మొదటి కబురు ఎవరు పంపుదురు?

వీనిలో నాలుగవ ప్రశ్నకు సమాధానము కుర్చీలో కూర్చుండి వ్రాయరాదు. వాన కురియుచుండగా గొడుగు పట్టుకొని గట్టు వెలుపల నడువవలెను. వాననీరు ఎటు పారుచున్నదో అటే వెళ్లవలెను. ప్రక్కవారి స్థలములోనికైనను అనుమతి వేడి వెళ్లవలెను. నదినో సముద్రమునో చేరువరకు పోవలెను. దారిలో కనబడిన ప్రతి రంధ్రమును పటములో గుర్తింపవలెను. ఫ్లోరెఫ్‌లో ఒక్కరు ఒక్క వానదినమున అట్లు నడచియున్నచో ఆ మూతలేని కాలువ కనబడియుండెడిది. దానికి ఒక మూత, ప్రక్కవారితో ఒక మాట. ఆ కాలువ ముఖమున చమురును నిలుపుటకు కావలసినది ఇంతియే. చీలిన ఉక్కును గూర్చి పెద్ద పరిశోధనలు జరిగినవి, జరుగవలసినదే. కాని పది లక్షల మంది నీటికి చేటు తెచ్చిన దారి మాత్రము పామరునకైనను కనబడునట్టిది.

ఐదవ ప్రశ్నకు అభ్యాసము కావలెను. సంవత్సరమునకు ఒకటి రెండు మారులు, చెప్పకుండ, చీకటి పడిన వేళ, ఇప్పుడు ట్యాంకు పొరలుచున్నదని కేక వేసి చూడవలెను. కవాటపు తాళపుచెవి ఎవరివద్దనున్నది? ఇసుక, రంపపు పొట్టు, తేలెడు అడ్డుకట్ట చేతికందునా? నీటి కేంద్రము టెలిఫోను నంబరు గోడమీద వ్రాసియున్నదా, లేక సెలవుపై పోయిన గుమాస్తా జేబులో ఉన్నదా? ఇట్టి చిన్న సంగతులే ఆ రాత్రి పెద్ద సంగతులగును.

ఇది కంపెనీల పని, మాకేమని శ్రోతలు అనుకొనరాదు. రైతు కొట్టములో రెండు వందల లీటర్ల డీజిలు పీపా ఉండవచ్చును. అది బావికి ఎంత దూరమున ఉన్నది? మేడలలో జనరేటరునకు నిలువ చేసిన డీజిలు క్రింద చిన్న గట్టుగల తొట్టి యున్నదా? మోటారు ఇంజను నుండి తీసిన పాడు నూనెను వీధి కాలువలో పోయు అలవాటు మనలో ఎందరికి లేదు? ఒలికిన చమురును నీటితో కడుగుట మన ఇండ్లలో సాధారణము. కడిగినచో అది పోయినట్లు కాదు. కాలువలోనికి మనమే పంపినట్లు. ముందు నిప్పును దూరముగా ఉంచి, ఇసుకగాని రంపపు పొట్టుగాని చల్లి, ఎత్తి, వేరుగా పెట్టవలెను. పాడు నూనెను డబ్బాలో పోసి, దానిని కొని శుద్ధి చేయువారికి చేర్చవలెను.

చమురు లేక నేటి సంసారము గడువదు. దానిని నిలువ చేయక తప్పదు. కాని నిలువ చేయువాడు తన ట్యాంకునకు మాత్రమే యజమాని కాడు. దిగువ నీరు త్రాగు ప్రతి ఇంటికిని పూచీదారు. ఈ వానకాలమున తొలి వాన కురిసిన దినమున మీరును ఒక పని చేయుడని కోరుచున్నాము. మీ వీధి చివర కాలువవద్ద నిలిచి, ఆ నీరు ఎటు పోయి, ఏ చెరువులో, ఏ ఏటిలో కలియుచున్నదో పిల్లలను వెంటబెట్టుకొని చూడుడు. మన ఇంటి ముంగిట ఒలికినది ఎవరి కడవలో చేరునో ఆ నడకయే చెప్పును.